ఏలీయా ముట్టని ముద్ద

ప్రొద్దుటూరులో పార్టీలు కత్తులు నూరుకుంటున్న ఆ రోజుల్లో, రెండు పక్షాల వాకిళ్ళలోకీ అడ్డం లేకుండా పోయే బండి ఒక్కటే ఉండేది. పోలీసు జీపును కూడా గేటు దగ్గర నిలబెట్టి, మేడ మీది నుంచి కబురు వచ్చాకే లోపలికి వదిలేవాళ్ళు. ఏలీయా సైకిలు గంట వినబడితే మాత్రం గేటు దానంతట అదే తెరుచుకునేది. ఎందుకంటే ఆ సైకిలు మీద కూడు వస్తుంది. ఎంత పగ పట్టినవాడికైనా మధ్యాహ్నానికి ఆకలి వేస్తుంది.

జమ్మలమడుగు రోడ్డులో గుల్జార్‌బీ హోటలు. భర్త పోయాక ఆమె ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని నిలబెట్టుకున్న హోటలు అది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, బోటీ కూర, ఎండాకాలం వస్తే నన్నారి షరబతు. అక్కడ కూర్చుని తినేవాళ్ళ కంటే తెప్పించుకునేవాళ్ళే ఎక్కువ. బంగారు అంగడి సేట్లు గల్లాపెట్టె వదిలి రారు, బట్టల అంగళ్ళవాళ్ళు గిరాకీ వదిలి రారు, వకీళ్ళు దొరికిన కక్షిదారుణ్ణి వదిలి రారు. వాళ్ళందరికీ కూడు మోసేది ఏలీయా. సైకిలు వెనక అడ్డంగా ఇనుప కడ్డీ బిగించి, దాని రెండు చివర్లా కొక్కేలు పెట్టించాడు. కొక్కేలకు క్యారియర్లు, హ్యాండిలుకు షరబతు సీసాల సంచి. ఆటోలూ ఆవులూ ఊరేగింపులూ దాటుకుంటూ, పులుసు చుక్క తొణక్కుండా పోయేవాడు. బ్రేకు తక్కువ, గంట ఎక్కువ.

"బ్రేకు పడితే పులుసు పోతాది. గంట కొడితే మనిషే పక్కకు పోతాడు" అనేవాడు ఎవరైనా అడిగితే.

అతను పుట్టింది జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెలో, ఊరికి ఎడంగా ఉన్న వాడలో. తెల్లదొరల మిషను కాలంలో ఆ వాడ క్రైస్తవంలో కలిసింది. చదువు ఐదో తరగతి దాటలేదు. సేద్యానికి సెంటు భూమి లేదు. వయసు రాగానే ప్రొద్దుటూరు వచ్చి, బట్టల మూటలు మోసి, సైకిలు కొనుక్కుని గుల్జార్‌బీ దగ్గర కుదిరాడు. చక్రాయపేట పక్క నుంచి సుశీలమ్మను చేసుకున్నాడు. ఆమె అన్న పులివెందులలో ఒక కాంట్రాక్టరు జీపు వెనక వేలాడుతూ తిరిగేవాడు. ఒకనాడు ఆ జీపు మీద బాంబు పడింది. ముందు సీట్లో కూర్చున్న కాంట్రాక్టరుకు చెవి గీరుకుంది. వెనక వేలాడినవాడు ఇంటికి మూటగా వచ్చాడు. సీమలో ఏ ఊరి పగ కథ విప్పి చూసినా ఇదే వరస. పగ ముందు సీటుది, పాడె వెనక సీటుది.

అన్నను పూడ్చి వచ్చిన రోజునే సుశీలమ్మ మొగుడికి చెప్పేసింది.

"నీ సైకిలుకు ఏ జెండా అయినా కట్టినావంటే, నా మూట నేను కట్టుకుంటా."

ఏలీయా కట్టలేదు. ఎన్నికలొస్తే ఊళ్ళో చెట్టుకూ పుట్టకూ జెండాలు వేలాడేవి. ఆ సైకిలు మాత్రం బోడిగానే తిరిగేది. అందువల్లే రెండు గేట్లూ తెరుచుకునేవి.

ఆ రెండు గేట్లలో ఒకటి మిద్దింటి రెడ్డిది. ఏలీయా సొంత ఊరి పెద్ద ఆయన. ఆ ఏడు ఎన్నికలు ఎండాకాలంలో వచ్చాయి. ఊళ్ళో ఉంటే ప్రాణానికి భరోసా లేదని ప్రొద్దుటూరులో ఒక ఇల్లు బాడుగకు తీసుకుని మనుషులతో సహా దిగాడు. ఆడవాళ్ళను తీసుకురాలేదు, వంటవాణ్ణి నమ్మలేదు. రెండో గేటు నూనె మిల్లువాళ్ళది. వీళ్ళకూ వాళ్ళకూ మధ్య లెక్కపెట్టుకోవడం మానేసినన్ని సమాధులు ఉన్నాయి. రెండిళ్ళకూ కూడు మాత్రం గుల్జార్‌బీ పొయ్యి మీదిదే.

రెండిళ్ళలోనూ ఒక పద్ధతి ఉండేది. కూడు తెచ్చినవాడు ముందు తినాలి. వసారా మెట్టు కింద నిలబడి, క్యారియరు మూతలో ప్రతి గిన్నె నుంచీ ఒక ముద్ద వేసుకుని తినాలి, షరబతు ఒక గుక్క తాగాలి. తర్వాత ఒక బీడీ కాల్చినంత సేపు అందరూ అతని మొహమే చూస్తూ కూర్చునేవాళ్ళు. అతను నిలబడే ఉంటే అప్పుడు వాళ్ళు ఆకులు వేసుకునేవాళ్ళు. పొయ్యి దగ్గర ఎవరు రుచి చూసినా చెల్లదు. విషం కలిపేవాడు దోవలో కలుపుతాడు కాబట్టి దోవలో వచ్చినవాడే తినాలి.

ఇందులో ఉన్న విడ్డూరం ఏలీయాకు తెలియనిది కాదు. అతని తాత సాలోమోను ఊళ్ళో ఈ రెడ్ల మిద్దింటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచాడు. తాత నీడ పడిందని ఆ ఇంట్లోనే కుండెడు కూడు పారబోశారు. అదే ఇంటివాళ్ళకు ఇప్పుడు మనవడి ఎంగిలి పడనిదే ముద్ద గొంతు దిగదు. అయినా మనవడు తినేది మెట్టు కిందే. ప్రాణభయం ఎంగిలిని దాటగలిగింది గానీ మెట్టును దాటలేదు.

ఆ రోజు శుభ శుక్రవారం.

వాడలో పుట్టినవాడికి ఆ రోజంటే ఏమిటో చెప్పాలి. వెట్టి కాలంలో రెడ్డి పిలిస్తే పండగని లేదు, పురుడని లేదు, పోవలసిందే. ఒక శుభ శుక్రవారం నాడు గానుగ తిప్పడానికి రమ్మని కబురు వస్తే సాలోమోను రానన్నాడు. ఈ పొద్దు ఉపవాసం, ఆరాధన అయినాక వస్తానన్నాడు. ఇప్పటి రెడ్డి తండ్రి ఆయన్ను బండి చక్రానికి కట్టించి కొట్టించాడు. సాలోమోను దెబ్బలు తిన్నాడు గానీ మెతుకు తినలేదు, గానుగా తిప్పలేదు. మరుసటి ఏడు వాడలో ఒక్క మనిషీ కదల్లేదు. ఆ మీదటి ఏడు నుంచి రెడ్డి ఆ రోజున కబురు పంపడమే మానేశాడు. ఏడాది మొత్తంలో వాడ గెలుచుకున్న ఒకే ఒక్క రోజు అది. సాలోమోను ఇంటి పిల్లలకు ప్రార్థన కంటే ముందు ఆ కథ నేర్పేవాళ్ళు.

పొద్దున గుల్జార్‌బీ అడిగింది. "ఉపవాసమంటివి కదా బేటా, పోగలవా?"

"మోసేదానికి ఉపవాసం అడ్డమా బూబమ్మా. నోటికి కదా ఉపవాసం. మిల్లు కూలోళ్ళకు టీ ఇచ్చి, మిద్దింటోళ్ళకు కూడిచ్చి, అట్నే ఆరాధనకు పోతా."

రుచి చూసే సంగతి ఆమెకూ గుర్తు రాలేదు, అతనికీ గుర్తు రాలేదు. రోజూ చేసే పని చెయ్యికి గుర్తుంటుంది గానీ మనసుకు గుర్తుండదు. క్యారియర్లు మెట్టు మీద దించి, మూత తీసి, ముద్ద కోసం చెయ్యి చాచినప్పుడు తట్టింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెడ్డికి కుడిభుజమైన సుంకన్న ఆ చెయ్యి చూశాడు.

"ఏమప్పా ఏలీయా, తిను. ఆకలి పీకుతాంది ఈడ."

"ఈ పొద్దు ముట్టనన్నా. ఉపవాసం."

"నీకు ఉపవాసమేంది? ఏకాదశా?"

"శుభ శుక్రవారం."

వసారాలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. సుంకన్న ఇంకా సాగదీశాడు.

"మీ దేవున్ని చంపిన దినం అది. దాన్ని శుభమంటారేందప్పా మీరు?"

"మా దేవుడు మూడో పొద్దుకు లేచినాడులేన్నా. మీరు చంపినోళ్ళు యాడన్నా లేచినారా?"

అనకూడని మాట. అన్న తర్వాత వెనక్కి తీసుకోవాలని మాత్రం ఏలీయాకు అనిపించలేదు. వసారాలో నవ్వు ఆగిపోయింది. సుంకన్న లేచి మెట్టు దిగాడు.

"పొద్దున యాడ తిరిగినావు?"

"మిల్లు కాడ కూలోళ్ళకు టీ ఎత్తకపోయినా. దినామూ పొయ్యేదే కదా."

"మిల్లు కాడ ఆగినావు. ఈడికొచ్చి కూడు ముట్టనంటాండావు."

ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టేసరికి వసారా అంతా లేచి నిలబడింది. ఒకడు సైకిలు లాక్కున్నాడు. ఒకడు గేటు మూశాడు. ఏలీయాకు అప్పుడు అర్థమైంది. కూట్లో విషం ఉందని వీళ్ళు నమ్మితే ముందు తను పోతాడు. తర్వాత గుల్జార్‌బీ హోటలు పోతుంది. పొద్దు గూకేలోపు మిల్లు మీద బాంబులు పడతాయి. అక్కడా ఇక్కడా పడేవి మళ్ళీ వెనక సీట్ల శవాలే. ఇదంతా ఆపడానికి అతను చెయ్యవలసింది ఒక్క ముద్ద తినడం.

"కుక్కకు పెట్టి చూడండ్రా" అన్నారు ఎవరో.

ఆ ఇంట్లో ఒక కుక్క ఉంది. ఎన్నికల బిడారు దిగినప్పటి నుంచి దానికి రోజూ బొమికల పండగే. పొట్ట నేలకు ఆనుతోంది. సంగటి ముద్దకు పులుసు అద్ది దాని ముందు పెట్టారు. అది వాసన చూసింది, ఆవలించింది, జీపు కింద నీడకు పోయి పడుకుంది.

"చూసినావా, కుక్క కూడా ముట్టలా" అన్నాడు సుంకన్న. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. తిండి ఎక్కువైన కుక్క కూడు వదిలేస్తుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. భయం మేపిన బుర్రలు అట్లాగే పనిచేస్తాయి.

గోలకు రెడ్డి మేడ దిగి వచ్చాడు. బనియను మీద తువ్వాలు వేసుకుని ఉన్నాడు. విషయం విన్నాడు. క్యారియర్లను చూశాడు, ఏలీయాను చూశాడు. తర్వాత సుంకన్న వైపు తిరిగాడు.

"సరే. నువ్వు తినరా సుంకన్నా."

సుంకన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "అదీ... పొద్దున్నే ఉగ్గాని తింటినన్నా. కడుపు ఉబ్బరంగా ఉంది."

"నువ్వు రా" అన్నాడు రెడ్డి పక్కవాడితో.

"నేను శుక్రవారం నీసు ముట్టనన్నా. అమ్మవారి మొక్కు."

మూడోవాడు అడగకముందే గేటు వైపు చూడటం మొదలుపెట్టాడు. నీకోసం తల ఇస్తామన్నవాళ్ళు వాళ్ళంతా. పోయిన ఆదివారం ఊరేగింపులో ఆ మాటే గొంతులు బొంగురుపోయేట్టు అరిచారు. ఇప్పుడు తల వద్దు, నోరు చాలు అంటే ఒక్కడూ లేడు. రెడ్డి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ వసారాలో తన పక్కన నిలబడినవాళ్ళు ఎవరో ఆయనకు మొదటిసారి తెలిసినట్టుంది.

"ఏలీయా" అన్నాడు నెమ్మదిగా. "ఒక్క ముద్ద. మీ దేవుడు ఏం చేస్తాడప్పా ఒక్క ముద్దకు?"

"దేవుడేం చెయ్యడు రెడ్డీ. ఆయప్ప మంచోడు." ఏలీయా మెట్టు మీద కాలు పెట్టలేదు గానీ తల ఎత్తే మాట్లాడాడు. "మా జేజినాయనను మీ నాయన ఇదే పొద్దు బండి చక్రానికి కట్టించినాడు. నీకూ తెలుసు. ఆయప్ప తినలా. నేను ఈ పొద్దు మీకు భయపడి తింటే, ఆ దెబ్బలన్నీ ఉత్తవైపోతాయి."

ఏలీయా క్యారియరు మూత మళ్ళీ పెట్టేశాడు.

"మూడు గంటలకు ఆరాధన అయిపోతాది. కూడు అట్నే పెట్టండి. వొచ్చి తింటా, ముద్ద కాదు, కడుపు నిండా తింటా. నమ్మకం లేకుంటే ఒగ మనిషిని పంపు నా ఎంబడి. సైకిలు ఈడే ఉంచుకోండి. దాన్ని వదిలి నేను యాడికీ పోనని ప్రొద్దుటూరంతా తెలుసు."

రెడ్డి సైకిలు వైపు చూశాడు. తన ఇంట్లో ఒక వాడమనిషి షరతులు చెప్పడం ఆయన వినడం అదే మొదలు కావచ్చు.

"మున్వర్‌ను పిలువు" అన్నాడు చివరికి.

మున్వర్ జీపు డ్రైవరు. అతనూ ఏలీయా మండుటెండలో చర్చి దాకా నడిచారు. మున్వర్ నడుముకు కట్టిన తువ్వాలు కింద కత్తి పిడి తెలుస్తూనే ఉంది.

"నీళ్ళు కూడా తాగవా?" అని దోవలో అడిగాడు మున్వర్.

"అయిపోయేదాకా తాగను."

"మా రోజా మాదిరే." కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు. "నేను జుమ్మా నమాజుకు పోయి నెలలైపాయె. ఈ నాయాళ్ళ ఎంబడి తిరుగుడే సరిపోతాంది."

చర్చిలో పాస్టరు తిమోతి సిలువ మీది మాటలు ఒక్కొక్కటే తీసుకుని చెబుతున్నాడు. మున్వర్ చెప్పులు బయట విడిచి వెనక వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సుశీలమ్మ అతణ్ణి చూసింది, తువ్వాలు కింది ఎత్తును చూసింది, పాట మధ్యలో మొగుడి పక్కకు జరిగింది.

"ఎవురాయన?"

"నాకు తోడొచ్చినాడు."

"తోడా, కావలా?"

"రెండూ."

ఏలీయా జరిగింది చెప్పాడు. సుశీలమ్మ పాటల పుస్తకం మూసేసింది. అన్న ఇంటికి మూటగా వచ్చిన రోజు ఆమెకు గుర్తు రాకుండా ఉంటుందా.

"తింటివా?" అంది.

"లే."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. "అయితే కూచో. పాట అయిపోలా" అంది. ముందుకు తిరిగి, అందరికంటే గట్టిగా పాడింది. ఎవరో మున్వర్‌కు నీళ్ళ చెంబు అందించారు. అతను చుట్టూ చూసి, ఎవరూ తాగడం లేదని గమనించి, చెంబు పక్కన పెట్టేశాడు.

అక్కడ మిద్దింటి రెడ్డి విడిదిలో పరిస్థితి వేరుగా ఉంది. క్యారియర్లు మెట్టు మీదే ఉన్నాయి. నాటుకోడి పులుసు వాసన వసారా అంతా తిరుగుతోంది. ఇంకో హోటలు నుంచి తెప్పించుకుందామంటే దాన్ని రుచి చూసేదెవరు? షరబతు సీసాలు ఎదురుగా చెమటలు పడుతున్నాయి, ముట్టేవాడు లేడు. ఉగ్గాని తిని ఉబ్బరంగా ఉందన్న సుంకన్న కడుపు అందరికీ వినబడేట్టు మూలిగింది. రెడ్డి మేడ మీద పడుకుని నిద్ర పట్టక మళ్ళీ కిందికి వచ్చాడు. ఆ ఏడు మిద్దింటి పార్టీ అంతా శుభ శుక్రవారం ఉపవాసం పాటించింది. దేవుడి మీద భక్తితో కాదులే.

ఆరాధన ముగించుకుని ఏలీయా తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర రిక్షాలో గుల్జార్‌బీ ఉంది. సంగతి ఆమె చెవిన పడింది.

"నా చేతి కూటికి విషమంటారా? నేను తింటానంటే వొద్దంటారు, పోనీ మీరు తినండంటే తినరు" అని సుంకన్నను కడుగుతోంది. "ఇంతమంది మొగోళ్ళు, ఒగ ముద్దకు ఎదురు చూస్తాండారు. ఇంట్లో పెండ్లాలకు చెప్పుకోండి పోయి."

ఏలీయా ఆమెకు సైగ చేసి లోపలికి నడిచాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, తీరికగా తుడుచుకున్నాడు. సుంకన్న మూత అందించబోయాడు.

"మూతలో తినను."

"మళ్ళా ఏందప్పా నీ గొడవ?"

"కడుపు నిండా తింటానన్నా కదా. కడుపు నిండా తినేదానికి నిలబడితే కుదరదు. చాప వెయ్యండి, ఆకు వెయ్యండి. కూచోని తింటా." వసారా వైపు చెయ్యి చూపించాడు. "ఆడ."

అది అడగాలని అతను దోవలో అనుకోలేదు. చర్చిలోనూ అనుకోలేదు. పొద్దుటి నుంచీ ఖాళీగా ఉన్న కడుపులోంచి దానంతట అదే వచ్చింది. వచ్చాక, అడిగింది సబబుగానే ఉందనిపించింది.

అందరూ రెడ్డి వైపు చూశారు. రెడ్డి క్యారియర్ల వైపు చూశాడు. గర్వం ఒక పక్క, ఆకలి ఒక పక్క లాగుతుంటే ఆ పెద్దాయన మొహం చూడవలసిందే. చివరికి సుంకన్న మీద విసుక్కున్నాడు.

"చాప యాడుందో చూడు పో."

ఏలీయా మెట్టు ఎక్కాడు. ఈ రెడ్ల ఇంటి మెట్టు తాతా తండ్రీ ఎన్నడూ ఎక్కింది లేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గుల్జార్‌బీ గేటు దగ్గరి నుంచి తోసుకుని వచ్చి తనే వడ్డించింది. సంగటి చల్లారి గట్టిపడింది. దాన్ని విరిచి పులుసులో నానబెట్టుకుంటూ, ఒక్కొక్క ముద్దా నమిలి మింగాడు. ఆకలి మీద ఉన్నవాడు నిదానంగా తినడం ఎంత కష్టమో తిన్నవాళ్ళకు తెలుసు. అయినా అతను నిదానంగానే తిన్నాడు. చుట్టూ నిలబడినవాళ్ళు అతను మింగినప్పుడల్లా వాళ్ళూ మింగారు. షరబతు సీసా ఎత్తి సగం తాగి, మూతి తుడుచుకుని పైకి చూశాడు.

"కూచో రెడ్డీ. ఇంగా సేపుంటే పులుసు పులిసిపోతాది. అప్పుడు నిజంగానే విషమయితాది."

గుల్జార్‌బీ ఇంకో ఆకు వేసింది. ఆ చాప మీదే వేసింది. రెడ్డి ఒక్క క్షణం నిలబడి, కూర్చున్నాడు. ఆ తర్వాత మిగతావాళ్ళూ ఆకులు వేసుకున్నారు. సుంకన్న అందరికంటే ఎక్కువ తిన్నాడు.

మరుసటి రోజు ఏలీయా క్యారియర్లు దించి మెట్టు కిందే నిలబడ్డాడు. మూత తియ్యలేదు. సుంకన్న లోపలికి పోయి చాప తెచ్చి వేశాడు.

ఆ కబురు పొద్దు గూకేలోపే నూనె మిల్లుకు చేరింది. మిల్లువాళ్ళకు కోపం వచ్చింది. ఏలీయా మీద కాదు. వాళ్ళు చేసిన మర్యాద మనం చెయ్యలేకపోయామే అని. ఆదివారం అతను మిల్లు గేటు దాటేసరికి వసారాలో కొత్త బెంచీ, దాని ముందు బల్ల, బల్ల మీద కడిగిన ఆకు సిద్ధంగా ఉన్నాయి.

"మిద్దింటోళ్ళు చాపే కదప్పా వేసింది?" అని అడిగాడు మిల్లు పెద్దకొడుకు. "మాది టేకు."

ఏలీయా బెంచీ మీద కూర్చుని, అటూ ఇటూ కదిలి చూశాడు.

"బాగుంది మామా. కాలు రవ్వంత ఊగుతాంది, చెక్క పెట్టించండి" అని ఆకు దగ్గరికి లాక్కున్నాడు.

రెండు చోట్లా కూర్చుని తిని, మధ్యాహ్నం హోటలుకు చేరేసరికి గుల్జార్‌బీ నడుము మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

"శానా లావైతాండావు బేటా. ఇట్లయితే ఆ సైకిలు నిన్ను మోస్తాదా, నా క్యారియర్లను మోస్తాదా?"

"రెండూ మోస్తాది బూబమ్మా" అని ఏలీయా ఖాళీ క్యారియర్లు కొక్కేల నుంచి దించి తొట్టి దగ్గర పెట్టాడు. బంగారు అంగళ్ళ కూడు ఇంకా పోవలసి ఉంది. "జెండా ఒగటే మొయ్యదు."